పీక పురుగు వాసన పట్టిన ఈగ

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టానో లేదో, మా అవ్వ చాట ముందు నుంచి తలెత్తకుండానే అడిగింది.

"ఏం పని ఇచ్చిండ్రు బిడ్డా?"

"ఈగలను సాదాలె అవ్వా."

బీడీ చుడుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టే ఆ చేతులు మామూలుగా ఇల్లు కూలినా ఆగవు.

"ఈగలనా? ఊరంత ఈగలను తోలుతాంటే నువ్వు కూసోని సాదుతవా? గిందుకేనా నిన్ను కాలేజికి తోలింది?"

అరుగు మీద సైకిలు చక్రానికి పంచరు వేస్తున్న బాపు పడీ పడీ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. జంతుశాస్త్రం చదివి డిగ్రీ తెచ్చుకున్నదాన్ని. నిజామాబాదులో మా గల్లీలో అంత చదివిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఏదో ఆసుపత్రిలో సూక్ష్మదర్శిని ముందు కూర్చుంటానని అందరికీ చెప్పుకున్నాను. చివరికి దొరికింది బోధన్ అవతల, చెరకు తోటల మధ్య, పెంకుల కప్పుతో రెండు గదుల పురుగుల ప్రయోగశాల. అవి డెబ్భైల మొదటి సంవత్సరాలు.

పొద్దున బోధన్ రైలుబండి ఎక్కేదాన్ని. చక్కెర ఫ్యాక్టరీలో గానుగ ఆడే కాలంలో బండి ఊళ్లోకి రాకముందే పెట్టెలోకి మొలాసిస్ కమురు వాసన వచ్చేది. స్టేషను నుంచి నడుస్తుంటే చెరకు బండ్లు వరసకట్టి ఎదురయ్యేవి. నాకు ఆ దారి ఇష్టమే. ఆ పని మీదే మనసు కుదరలేదు, కొన్నాళ్ల దాకా.

మా ఆఫీసరు బోధన్ మనిషే. తాతల కాలం నుంచి అక్కడ వ్యాపారం చేసుకుంటున్న ముస్లిం కుటుంబంలో ఈయనొక్కడు దుకాణం వదిలి పురుగుల వెంట పడ్డాడు. నెరిసిన గడ్డం, జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం. నన్ను "బేటీ" అనేవాడు, నేను "సాబ్" అనేదాన్ని. చేరిన రెండో రోజే నన్ను పక్క తోటలోకి తీసుకుపోయి, మోకాలెత్తు చెరకు పిలకను చూపించాడు. ఆకులన్నీ పచ్చగా ఉన్నాయి, నడిమి మొవ్వు ఒక్కటి ఎండిపోయింది.

"పట్టుకొని గుంజు," అన్నాడు.

గుంజాను. ఏమాత్రం బలం పెట్టకుండానే మొవ్వు ఊడి చేతిలోకి వచ్చింది. కింద కొస కుళ్ళి, ముక్కు మూసుకునేంత కంపు.

"గిదే పీక పురుగు పని. ఎండకాలం రాంగనే దిగుతది. నేలకు దగ్గర పిలకకు రంధ్రం వెట్టి లోపటికి పోతది. రైతు పైనుంచి పురుగుమందు పొడి సల్లుతడు. లోపటున్న పురుగుకు ఏమైతది? కిటికీ బంద్ జేసుకొని కూసున్నట్టు మంచిగ కూసుంటది."

తర్వాత ప్రయోగశాలకు తీసుకొచ్చి దాని శత్రువును చూపించాడు. బూడిద రంగు ఈగ. మన ఇంటి ఈగ కన్నా కాస్త పెద్దది, వీపు నిండా ముళ్ళలాంటి వెంట్రుకలు. అది ఇళ్ళలోకి రాదు, అన్నం మీద వాలదు. దానికి కావలసింది పీక పురుగు ఒక్కటే. ఆడ ఈగ గుడ్లను కడుపులోనే పొదుగుకుని, పిల్లలు బయటికి రావటానికి సిద్ధమయ్యాక పురుగు తొలిచిన రంధ్రం మూతి దగ్గర వదిలిపెడుతుంది. దారప్పోగు ముక్కల్లాంటి ఆ పిల్లలు సొరంగంలోకి పాకి, పురుగు ఒంట్లోకి దూరి, దాన్ని లోపలి నుంచి తింటాయి. పురుగు చస్తుంది. పిల్ల బయటికొచ్చి, ముదురు గోధుమరంగు గింజలాంటి గూడుగా మారుతుంది. అందులోంచి మళ్ళీ ఈగ.

వింటుంటే ఒళ్ళు జలదరించింది. కానీ ఇంటికి పోయే బండిలో కిటికీ పక్కన కూర్చుని దాని గురించే ఆలోచించాను. అంత పెద్ద తోటలో, వేల పిలకల్లో, కంటికి కనిపించకుండా కాండం లోపల దాక్కున్న పురుగును ఆ ఈగ ఎలా కనిపెడుతుంది?

మర్నాడు పోగానే సాబ్‌ను అదే అడిగాను.

"కండ్లు లేవా దానికి? తలకాయ సగం కండ్లే. రంధ్రం కనవడుతది, వాల్తది," అన్నాడు ఆయన. అంత నమ్మకంగా అన్నాడు కాబట్టి నేనూ సరే అనుకున్నాను.

ఈగలను సాకటం నెమ్మదిగా నా చేతికి అలవాటైంది. లాంతరు చిమ్నీలకు పల్చటి గుడ్డ కట్టి కొన్నిటిని, చెక్క చట్రానికి దోమతెర బిగించిన పెట్టెల్లో ఎక్కువవాటిని ఉంచేవాళ్ళం. చక్కెర నీళ్ళలో ముంచిన దూది, చీల్చిన కిస్‌మిస్ పళ్ళు వాటి తిండి. పొద్దుటి ఎండ పడితేనే అవి జతకట్టేవి. అందుకని పెట్టెలను తూర్పు కిటికీ దగ్గరకు జరిపేదాన్ని. అవ్వ అడిగితే, "మస్తు నఖరాలు అవ్వా, కిస్‌మిస్ లేకుంటే తినయి," అని చెప్పేదాన్ని. "నీకు వెట్టినమా ఎన్నడన్న కిస్‌మిస్?" అనేది అవ్వ.

ఆ ఎండాకాలంలోనే ఒక రోజు, మధ్యాహ్నం భోజనాలకు ముందు, తోట నుంచి తెచ్చిన ఎండు మొవ్వు పిలకలను చీరి పురుగులను ఏరుతున్నాను. పురుగు సొరంగం నిండా దాని పెంట ఉంటుంది, తడి రంపపు పొట్టులాగా. వేళ్ళకు అంటుకుంటుంది. గుడ్డ అందుబాటులో లేక చీర కొంగుకు తుడుచుకుని, ఈగల పెట్టెలో కిస్‌మిస్ మార్చటానికి చెయ్యి లోపలికి పెట్టాను. చేతితో పాటు కొంగు చివర కూడా లోపలికి జారింది. నేను గమనించలేదు.

గమనించింది ఈగ. ఒక ఆడ ఈగ తెర మీద నుంచి దిగి కొంగు మీద వాలింది. ముందు కాళ్ళతో గుడ్డను తడుముతూ అటూ ఇటూ నడిచింది. ఒకచోట ఆగింది. పొట్ట కొసను కిందికి వంచింది, లేపింది, మళ్ళీ వంచింది. ఇంతలో ఇంకొకటి వచ్చి అదే పని మొదలుపెట్టింది. నేను చెయ్యి కదపకుండా చూశాను. అవి ఎగిరిపోయాక కొంగును మెల్లగా బయటికి తీసి భూతద్దం పెట్టాను.

తడి మరక మీద తెల్లటి పోగులు. కదులుతున్నాయి.

"సాబ్! సాబ్!"

బయట చాయ్ తాగుతున్న సాబ్ గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తుకొచ్చాడు, నన్నేదో కుట్టిందనుకుని.

"ఏమైంది బేటీ?"

"ఈగ నా కొంగు మీద పిల్లలను వెట్టింది సాబ్!"

ఆయన వంగి చూశాడు. జేబులోంచి తన భూతద్దం తీసి మరక మీద పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, పిల్లలు నిద్ర లేస్తాయేమో అన్నట్టు అన్నాడు: "కొంగు కదిలియ్యకు. చీర కొత్తదా?"

"కొత్తదే సాబ్."

"మాఫ్ కర్నా బేటీ," అని కత్తెర తీసి మరక ఉన్న మేరకు కొంగు ముక్కను చక్కగా కత్తిరించి, గాజు పళ్ళెంలో పెట్టాడు. నేను చీర సంగతే మరిచిపోయాను. కొంగు మీద రంధ్రం ఎక్కడుంది? పిలక ఎక్కడుంది? పురుగు ఎక్కడుంది? ఏమీ లేవు. ఉన్నది పురుగు పెంట మరక ఒక్కటే!

"అయితే అది కండ్లతోని సూస్తలేదు సాబ్, వాసన వడుతుంది," అన్నాను.

"ఒక్క చీర కొంగుతోని నా కండ్ల మాట కొట్టేస్తవా?" అన్నాడు ఆయన నవ్వుతూ. "పరీక్ష వెడదాం. ఓడినోళ్ళు బస్టాండు సమోసాలు తేవాలె."

మర్నాడు పరీక్ష. ఆరోగ్యంగా ఉన్న పిలకలను కోసుకొచ్చాం. ఒకదానికి కత్తి మొనతో శుభ్రమైన రంధ్రం చేశాం, పురుగు చేసినట్టే. ఇంకొకదానికి రంధ్రమే చెయ్యకుండా పైన పురుగు పెంట పూశాం. మూడో దానిలో బతికున్న పురుగును దూర్చి, మూతిని మైనంతో గట్టిగా మూసేశాం. మూడింటినీ పెట్టెలో నిలబెట్టి, చెరో స్టూలు వేసుకుని కూర్చున్నాం.

సాబ్ చూపు శుభ్రమైన రంధ్రం మీద, నా చూపు పూత మీద. ఒక ఈగ ఎగిరి రంధ్రం ఉన్న పిలక మీద వాలింది. సాబ్ మోకాలు చరిచాడు. ఈగ రంధ్రం పక్క నుంచే నడిచి, ఆగకుండా ఎగిరిపోయింది. పురుగును మూసిపెట్టిన పిలక వైపు ఏదీ కన్నెత్తి చూడలేదు. లోపల వాటికి కావలసిన పురుగు సాక్షాత్తూ ఉన్నా సరే! రంధ్రమే లేకుండా పెంట పూసిన రెండో పిలక మీద మాత్రం ఒకటి, రెండు, ఆ తర్వాత గుంపు. తడుముతున్నాయి, వంగుతున్నాయి, పిల్లలను పెడుతున్నాయి.

నేను స్టూలు మీద నుంచి లేచి చప్పట్లు కొట్టాను. ఓడిపోయిన సాబ్ నాకన్నా ఎక్కువ సంతోషపడ్డాడు. సమోసాలు తానే పొట్లం కట్టించుకుని వచ్చి, తింటూ తింటూ ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. ఎండిన పెంటకు వస్తాయా? నీళ్ళలో కలిపితే? దూరం నుంచి ఎలా వస్తాయి?

ఆ నెలల్లో నేను బండిలో కూర్చుంటే కూడా కాళ్ళు నిలిచేవి కావు. ఎండలో ఆరబెట్టిన పెంట దగ్గరికి ఈగలు రాలేదు. తాజాది నీళ్ళలో కలిపి, గుడ్డలో వడగట్టి, ఆ నీటిలో ముంచిన కాగితం ముక్క పెడితే వచ్చాయి. కాగితం ముక్కకు! పెట్టెకు ఒకవైపు కుళ్ళిన మొవ్వులను ఉంచి విసనకర్రతో మెల్లగా విసిరితే, ఈగలు గాలికి ఎదురు నడిచి ఆ వైపుకే చేరాయి. అప్పుడు మాకు లెక్క అర్థమైంది. కుళ్ళిన మొవ్వు కంపు దూరం నుంచి ఈగను పిలుస్తుంది. దగ్గరికొచ్చాక కాళ్ళకు తగిలే తడి పెంట, పురుగు ఇక్కడే ఉందని చెబుతుంది. నాకు కడుపులో తిప్పే ఆ కంపు దానికి ఇంటి చిరునామా.

ఈ సంగతి విని హైదరాబాదు నుంచి ఒక పెద్ద అధికారి చూడటానికి వచ్చాడు. ముందు రోజే అన్నీ సిద్ధం చేసుకున్నాం. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. నేను పిలకకు పూత పూసి పెట్టెలో నిలబెట్టాను. ఒక్క ఈగ రాలేదు. ఇంకో పిలక పెట్టాను. తెరకు ఆ చివర అంటుకుపోయాయి తప్ప ఒక్కటీ దిగలేదు. పెద్దాయన గడియారం చూసుకున్నాడు. "మంచి ఆలోచనే, ఇంకా పని చెయ్యండి," అని లేచాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

సాబ్ నా దగ్గరికి వచ్చి ముక్కు ఎగబీల్చాడు.

"బేటీ, నీ చేతులకేం వాసన?"

చేతులు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తంబాకు! ఆ పొద్దున అవ్వకు బీడీలు అప్పజెప్పే తొందర ఉంటే, బండి వేళయ్యేదాకా నేనూ కూర్చుని చుట్టాను. పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో ఉన్న వాసన కదా, నా ముక్కుకు తెలియనే తెలియలేదు.

"సాబ్, బీడీలు చుట్టి వచ్చిన!"

"అరే, పెద్దసాబ్‌ను ఆపు!" అంటూ ఆయన తన చేతులు కడుక్కుని, కొత్త పిలక తీసుకుని, తానే పూత పూశాడు. నేను గుమ్మం దగ్గరికి పరుగెత్తాను. పెద్దాయన అప్పటికే ఒక కాలికి బూటు తొడిగాడు.

"సార్, ఒక్క నిమిషం సార్, దండం వెడుత!"

ఆయన ఒంటి బూటుతోనే వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఈగలు ఎదురు చూస్తున్నట్టుగా తెర వదిలి దిగాయి. ఒకటి పూత మీద వాలి కాళ్ళతో తడిమి పొట్ట వంచింది. పెద్దాయన సాబ్ చేతిలోని భూతద్దం లాక్కున్నంత పని చేసి వంగి చూశాడు. ఆ తర్వాత రెండో బూటు తొడుక్కోవటానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చి జరిగింది చెబితే అవ్వ బుగ్గలు నొక్కుకుంది. "నా తంబాకు వాసన నీ ఈగలకు పడతలేదా? నువ్వు గా వాసనలనే పుట్టి గా వాసనలనే పెరిగితివి!" అన్నది. అన్నదే గానీ, ఆ మర్నాటి నుంచి నేను చాట దగ్గరికి వస్తే ఊరుకోలేదు. "పో, దూరం కూసో, నీ ఈగలు అలుగుతయి," అనేది. ఇంటికి ఎవరు వచ్చినా ఆ కథే చెప్పేది, ఒంటి బూటు దగ్గర ఎక్కువసేపు ఆగి మరీ.

పెట్టెలో గెలిచాం. తోటలో ఈగలు పని చేస్తాయా? ఆ మరుసటి ఎండాకాలం కాలువ కింద చెరకు వేసిన ఒక ఆంధ్ర రైతు దగ్గరికి పోయాం. కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన కుటుంబం. భార్యాభర్తలిద్దరూ పొలంలోనే ఉన్నారు. సాబ్ విషయం చెప్పగానే రైతు తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఏమండీ, బెల్లం పొయ్యి దగ్గర ఈగలతో చస్తుంటే, మీరు ఇంకా తెచ్చి వదుల్తానంటారేమిటండీ?"

ఆయన భార్య నన్ను పక్కకు పిలిచింది. "అమ్మాయీ, అవి పాల మీద వాల్తాయా?"

"వాలవు అక్కా. ఇండ్లకే రావు."

"ఏవీ, ఒకసారి చూపించు."

చిమ్నీలోని ఈగను చూపించాను. ఒక ఎండు మొవ్వు లాగి, పిలక చీరి, పురుగును, దాని పెంటను చూపించాను. పెంటను ఆకు ముక్కకు రాసి చిమ్నీలోకి జార్చాను. ఈగ వాలి పొట్ట వంచగానే ఆమె గట్టిగా నవ్వింది. "ఏవండీ, ఇటు రండి! ఇది పురుగు ఇంటి ముందు బిడ్డల్ని వదిలేస్తోందండీ!" చివరికి ఆయన సగం చేను ఒప్పుకున్నాడు. ఆ సగంలో పొడి చల్లనని మాటిచ్చాడు. మిగతా సగంలో మాత్రం తన మందు తనదేనన్నాడు.

పొద్దున ఎండ ముదరకముందే ఈగలను వదిలాం. పిలకల మీద పెంట కలిపి వడగట్టిన నీళ్ళు చల్లితే ఈగలు చేను విడిచి పోవని నా ఆశ. సాబ్ నన్ను ఆపాడు. "అన్నిటి మీద సల్లినవనుకో, పురుగు లేని కాడ గూడ పిల్లలను వెడతది. ఆకలికి సస్తయి పాపం. మొవ్వు ఎండిన పిలక మీదనే సల్లు." నిజమే! మేము వాసనతో దాన్ని పిలవగలం, అదే వాసనతో మోసం కూడా చెయ్యగలం. నేనూ ఆ అక్కా వేపమండలు పట్టుకుని సాళ్ళ వెంట వంగి, ఎండిన మొవ్వులను వెతికి వెతికి చల్లాం.

తర్వాత ఎండలు మండిపోయాయి. చిమ్నీల్లో ఉన్న ఈగలే వడకు రాలిపోతుంటే, చేలో వదిలినవి బతుకుతాయా అని నాకు దిగులు పట్టుకుంది. అయితే రైతు అప్పటికే సాళ్ళ మధ్య ఎండు చెరకాకు కప్పి తడులు ఇస్తున్నాడు. నేల చల్లగా ఉంది. నేను పోయినప్పుడల్లా కొన్ని పిలకలు చీరేదాన్ని. పురుగు, పురుగు, మళ్ళీ పురుగు.

ఒక ఉదయం నేను గట్టు మీదికి వచ్చేసరికి అక్క చేను మధ్యలో నిలబడి చెయ్యి ఊపుతోంది.

"అమ్మాయీ, పరుగెత్తు! ఇదేనా చూడు!"

పరుగెత్తాను. చెప్పులు బురదలో ఊడిపోయినా ఆగలేదు. ఆమె అరచేతిలో చీరిన పిలక ఉంది. సొరంగంలో పురుగు తోలు ఖాళీ సంచిలా ముడుచుకుని ఉంది. దాని పక్కనే ముదురు గోధుమరంగు గింజలాంటి గూడు.

"గిదే అక్కా! గిదే!" అని ఆమెను గట్టిగా పట్టుకున్నాను. ఆమె కొడవలి ఒక చేత్తో దూరంగా పట్టుకుని, రెండో చేత్తో నన్ను పొదివి పట్టుకుని నవ్వింది. ఇద్దరం కూర్చుని ఎండిన మొవ్వు కనపడిన ప్రతి పిలకా చీరాం. అన్నిట్లో లేవు. చాలావాటిలో పురుగు ఇంకా బతికే ఉంది. కానీ అక్కడొకటి, ఇక్కడొకటి, గూళ్ళు దొరుకుతూనే ఉన్నాయి. దొరికినప్పుడల్లా ఆమె భర్తను కేకేసి పిలిచేది. మొదట రెండుసార్లు ఆయన వచ్చి చూసి "ఊఁ" అన్నాడు. మూడోసారి తానే కొడవలి పట్టుకుని మా పక్కన కూర్చున్నాడు.

పురుగు పీడ అంతటితో పోయిందని చెప్పను. పోలేదు. కొన్ని ఏళ్ళు ఈగ గెలిచింది, కొన్ని ఏళ్ళు ఎండ గెలిచింది. ఆ రైతు పొడి పూర్తిగా మానలేదు గానీ, చల్లే ముందు పిలక చీరి చూసేవాడు. గూడు కనిపిస్తే ఆ సాళ్ళు వదిలేసేవాడు.

ఆ చేలో గూళ్ళు దొరికిన మరుసటి ఏడు, ఇంకా ఈగలను వదలకముందే కాలువ అవతలి ఒడ్డు నుంచి ఒక పెద్దమనిషి ప్రయోగశాలకు వచ్చాడు. ధోవతి కొంగులో ఏదో మూటగట్టుకుని ఉన్నాడు. ఆయన చేలో మేమెప్పుడూ అడుగు పెట్టలేదు.

"సాబ్, నా చెరకుల గివి ఎల్లినయి. ఇత్తులా, పురుగులా? సూడుండ్రి జర," అని మూట విప్పి బల్ల మీద పోశాడు.

గోధుమరంగు గింజలు బల్ల మీద దొర్లాయి. సాబ్, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎవరూ పిలవకుండా, ఎవరూ మొయ్యకుండా, ఆ ఈగలు కాలువ దాటి తమ దారి తాము వెతుక్కున్నాయి. సాబ్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"సైకిల్ తియ్యి బేటీ," అన్నాడు. "వీళ్ళ సేను సూసొద్దాం."